పాలు మాన్పించావా

జగ్గయ్యపేటలో బస్సెక్కిన దగ్గర్నుంచీ జయమణి కిటికీలోంచి బయటికే చూస్తోంది, అయితే బయట ఏం కనిపించిందని ఎవరైనా అడిగితే మాత్రం చెప్పలేదు. కాళ్ళ దగ్గర రేకు పెట్టె, ఒళ్ళో గుడ్డ సంచి, సంచిని రెండు చేతులతో గుండెకి అదుముకుని కూర్చుంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు. లాక్కుపోవడానికి అందులో ఏముంది గనక, రెండు చీరలూ బైబిలూ ఆవకాయ సీసా. అదుముకున్నది సంచి కోసం కాదు, రవిక కోసం. రవిక లోపల తెల్లవారుతూనే అత్తగారు లూర్దమ్మ బిగించి కట్టిన గుడ్డ ఉంది, ఆ గుడ్డ మడతల్లో మల్లెపూలున్నాయి, ఒంటి వేడికి అవి ఉడికినట్టయి బస్సంతా వాసన వేస్తున్నాయి. పాలు ఇంకిపోవాలంటే మల్లెపూలు కట్టాలి, మా అమ్మా కట్టుకుంది, నేనూ కట్టుకున్నా, నీ నర్సు పుస్తకాల్లో ఏం రాశారో నాకు తెలియదు అంది లూర్దమ్మ. పుస్తకాల్లో మాత్రలున్నాయని జయమణి చెప్పలేదు. మాత్రలు కావాలంటే ఆస్పత్రిలో డాక్టరు గారిని అడగాలి, అడిగితే ఎందుకని అడుగుతారు, ఆ ఎందుకు అన్నదే ఆమెకి గిట్టదు. జూన్ నెలాఖరు, తొలకరి పడిపోయింది, మల్లెల కాలం అయిపోయింది, అయినా ఈ వారం రోజులూ లూర్దమ్మ ఊరంతా తిరిగి మూరలకి మూరలు తెచ్చింది. తల్లో పువ్వు పెట్టుకోని ఇల్లది. ఏం లూర్దమ్మా, చర్చి మానేశావా ఏంటి అని పూలమ్మే మనిషి నవ్విందట.

పక్కన కూర్చున్న పెద్దావిడ నందిగామ కోర్టుకి వాయిదాకి పోతోంది. గట్టు తగాదా గురించి ఎక్కిన దగ్గర్నుంచీ ముందు సీటు మనిషితో చెబుతూనే ఉంది, చిల్లకల్లు దాటాక అతనికి నిద్ర పట్టడంతో ఇటు తిరిగింది. వాసన పీల్చింది. జయమణి జడ వైపు చూసింది, మళ్ళీ మొహం వైపు చూసింది.

"తల్లో పూరెక్క కూడా లేదు, ఇంత ఘుమఘుమ ఏంటమ్మాయ్? కొత్తగా పెళ్ళయిందా?"

సంచిలో ఉన్నాయండి, బెజవాడలో చుట్టాలకి తీసుకెళ్తున్నా అంది జయమణి. అనేసి తనే ఆశ్చర్యపోయింది. ఎంత తేలిగ్గా వచ్చింది, తడుముకోలేదు, గొంతుకి అడ్డం పడలేదు. అబద్ధం మొదటిసారి నోట్లో ముల్లులా ఉంటుంది, రెండోసారికి అన్నం ముద్ద అయిపోతుంది. పెద్దావిడ సరేనని తల ఊపింది, బెజవాడలో మల్లెపూలకి కరువొచ్చిందా అని మాత్రం అనుకునే ఉంటుంది. అనుకోనీ. అందరికీ అన్నీ చెప్పుకుంటూ పోతామా. చెప్పాల్సిన వాళ్ళకే చెప్పలేదు.

పొద్దున పిల్లాడు పడుకునే ఉన్నాడు. ఇప్పుడే పో, లేచాడంటే నీ కాళ్ళు కదలవు అని లూర్దమ్మ తొందర పెట్టింది. పిల్లలకి చెప్పి వెళ్ళకూడదు, నిద్రలో ఉండగా జారుకోవాలి, అందరిళ్ళల్లోనూ అంతే, అయినా దొంగలాగా అడుగులో అడుగు వేసుకుంటూ గుమ్మం దాటుతుంటే ఇది నా ఇల్లేనా అనిపించింది. ముద్దు పెట్టుకోవద్దంది, వాసనకి లేస్తాడంది. వంగి వాడి అరికాలు చూసింది, అంతే. గేటు దగ్గర, ఆస్పత్రిలో తోటి నర్సు దేవమణి నిలబడి ఉంది. రాత్రి డ్యూటీ దిగి ఆ తెల్ల చీరతోనే నేరుగా వచ్చింది, వీధి చివర ఆమె ఇల్లు, నిద్ర కళ్ళు. పెట్టె అందుకుని బస్టాండు దాకా తనే మోసింది. బస్సు దగ్గర పెట్టె ఇవ్వబోయి ఇవ్వకుండా కాసేపు పట్టుకునే నిలబడింది, మొహంలోకి చూస్తూ. బస్సుకి టైమైంది అక్కా అంది జయమణి. దేవమణి పెట్టె ఇచ్చేసింది. ఆ చూపు ఇప్పుడు నవాబుపేట దగ్గరికొస్తున్నా వదలడం లేదు. అక్కకి ఏం కావాలి, ఏం చూస్తోంది, తెలిసిపోయిందా, ఎలా తెలుస్తుంది, ఆ ఇంటర్వ్యూ గదిలో ఉన్నది ఇద్దరు ఆడవాళ్ళూ, ఆ పాస్టరు గారూ, తనూ. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఊరికే చూసినా తడుముకుంటోంది.

ఈ చదువు సంగతి మొదట తెచ్చింది దేవమణే. అది నిజం, ఎన్నిసార్లు అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకున్నా అది నిజమే. మద్రాసు వైపు ఏదో కాలేజీలో డిప్లొమా నర్సులకి రెండేళ్ళ డిగ్రీ పెట్టారట జయా, మనలాంటి వాళ్ళకే. మంచాల మధ్య తిరిగే నర్సు కాదు, ఇళ్ళకి పోయే నర్సు. చంటిబిడ్డ దగ్గర్నుంచి ముసలమ్మ దాకా ఒక్కో ఇంటి ఆరోగ్యమంతా చేతిలో పెట్టుకుని, ఛాతీ విని, కడుపు నొక్కి చూసి, మామూలు జబ్బయితే తనే మందిచ్చి, మించిందనుకుంటేనే డాక్టరుకి పంపించే నర్సు. డాక్టరు లేనప్పుడు మనం చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు అంది. డాక్టరు లేనప్పుడు అనగానే ఇద్దరికీ బసవయ్య కూతురే గుర్తొచ్చింది. సున్నం బట్టీలో పనిచేసే బసవయ్య భుజాన వేసుకొచ్చిన పిల్ల, ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి, పెదాలు నీలం. ఏ జబ్బో ఇద్దరికీ తెలుసు, ఏ సూది వెయ్యాలో తెలుసు, బీరువాలో మందుంది. డాక్టరు గారు బెజవాడ వెళ్ళారు, ఆయన చెప్పకుండా నర్సు సూది వెయ్యకూడదు. ఫోను కలవలేదు. మధ్యాహ్నానికి కలిసింది. అప్పటికి బసవయ్య పిల్లని తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు, మీరేం చేస్తారమ్మా అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి దేవమణి ఖాళీ దొరికితే పాత పుస్తకాలు తీసేది, జయమణిని కూర్చోబెట్టి అప్పజెప్పించుకునేది. ఇద్దరం పోదాం, ఇద్దరం వద్దాం, ఊరు చెరి సగం పంచుకుందాం అనేది. తీరా చూస్తే ఒక్కో ఆస్పత్రికి ఒక్కటే సీటు.

మే నెల ఎండ, బెజవాడలో మిషను వాళ్ళ గెస్టు హౌసు, ఇంటర్వ్యూకని వరండాలో బెంచీ మీద ఇద్దరూ. ముందు దేవమణిని పిలిచారు. వచ్చే ఏటికి ఆమెకి ముప్పై దాటుతాయి, దాటితే ఇక తీసుకోరు, అందుకని పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా తాగలేదు. బయటికొచ్చేసరికి మొహం ఎండిపోయింది. పక్కన కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది.

"చంటిపిల్ల ఉందా, పాలు మాన్పించావా అన్నారు. ఇంకా తాగుతోందండీ అన్నా. పాలు తాగే పిల్లలున్నవాళ్ళకి హాస్టలు కుదరదన్నారు. మాన్పించానని చెప్పొచ్చు. నోటికి రాలా జయా."

తరవాత పిలుపు జయమణికి. తలుపు దాకా ఎన్ని అడుగులో, ఆ అడుగుల్లోనే అంతా అయిపోయింది, లోపల జరిగింది ఊరికే. పసిబిడ్డకి విరేచనాలైతే ఏం చేస్తావు, బాలింతకి జ్వరమొస్తే మొదట ఏం చూస్తావు, అన్నీ చెప్పింది, బాగా చెప్పింది, అక్క అప్పజెప్పించుకున్నవే అన్నీ. పిల్లలా? ఒక బాబండి. ఎన్నో నెల? నాలుగు నిండాయండి. పాలు మాన్పించావా? మాన్పించానండి. కళ్ళద్దాలావిడ ఒక్క క్షణం తలెత్తి చూసింది. ఆవిడా నర్సే. నాలుగు నెలల బిడ్డకి పాలు మాన్పించిన నర్సుని చూసి ఏమనుకుందో, లేకపోతే పొద్దున ఆ గెస్టు హౌసు స్నానాలగదిలోనే పాలు పిండి పారబోసి వచ్చిన మనిషి అని రవిక బిగువు చూసే పోల్చిందో. కాయితం మీద ఏదో రాసుకుంది. ఆస్పత్రిలో బాలింతల వరసకి బొమ్మలు చూపిస్తూ ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా వద్దని వారం వారం చెప్పే నోరిది, చెప్పేవి శ్రీరంగనీతులు. మిరపకోతకి పోవాలని పాలసీసా పట్టించిన పున్నమ్మని పదిమందిలో నిలబెట్టి నువ్వసలు తల్లివేనా అని అడిగిన నోరు కూడా ఇదే.

అంతటితో ఆగినా సరిపోయేది. ఒక అబద్ధం ఆడాం, దేవుడున్నాడు, ఆయన చూసుకుంటాడు. జగ్గయ్యపేటకి తిరిగొచ్చే బస్సులో దేవమణి దోసకాయ కోసి ఉప్పద్ది సగం చేతిలో పెట్టి అడిగింది, నిన్నూ అడిగారా జయా అని. లేదక్కా, నన్నా మాట అడగలా. దానికి ఎవరూ బలవంతపెట్టలేదు, సీటు కోసం కాదు, చదువు కోసం కాదు, దోసకాయ ముక్క చేతిలో పట్టుకుని అక్క మొహం చూడలేక అనేసింది. దేవమణి కాసేపు నమిలింది. పోనీలే, నా మొహం చూస్తే అడగాలనిపించి ఉంటుంది అంది. ఆ మాటే జయమణిని కాల్చుకు తింటోంది. సీటు పోవడం ఒకటి, అందరిలోకీ నేనే పనికిరానిదాన్ని కాబోలు అనుకుంటూ బతకడం ఇంకొకటి. రెండోది జయమణి తన చేత్తో పెట్టింది. సీటు వచ్చిందని తెలిసినప్పుడు దేవమణి కౌగిలించుకుంది. నువ్వు చదివొస్తే చాల్లే, ఎవరో ఒకళ్ళం రావాలి కదా అంది. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడింది జయమణి.

నవాబుపేటలో బస్సు ఆగింది. పెనుగంచిప్రోలు నుంచి తిరుపతమ్మ మొక్కు తీర్చుకుని వస్తున్నవాళ్ళు ఓ గంపెడు మంది ఎక్కారు, అందరివీ నున్నటి గుండ్లు, పసుపు బొట్లు. వాళ్ళల్లో ఓ చిన్న వయసు తల్లి, పంతొమ్మిదేళ్ళుంటాయో ఉండవో, చంటిపిల్లని భుజాన వేసుకుని సీటు లేక సరిగ్గా జయమణి పక్కనే నిలబడింది. పెద్దావిడ సర్దుకుని చోటిచ్చింది. గుండు చేయించిన మంటకో ఉక్కకో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఏడుపు మొదలవగానే, వద్దు వద్దు అనుకుంటుండగానే, జయమణి రొమ్ముల్లో సూదులతో గుచ్చినట్టయింది, వేడిగా దిగింది, గుడ్డ తడిసింది, మల్లెపూలు తడిశాయి. మల్లెపూలు కట్టారట, పాలు ఇంకుతాయట. ఎవరి పిల్లో ఏడిస్తే చాలు ఈ పాడు ఒంటికి, తన పరాయి లేదు, బుద్ధి లేదు, ఇంటర్వ్యూలో చెప్పిన మాట మీద నిలబడడం లేదు. సంచిని ఇంకా గట్టిగా అదుముకుంది. పైట మీదికి తడి వస్తోందా, పెద్దావిడ చూస్తోందా.

మాన్పించడం మొదలుపెట్టింది పోయిన వారం. అంతవరకూ రేపు చూద్దాం, రేపు చూద్దాం. వేపాకు నూరి రాసుకుంది. వాడు నోరు పెట్టి, చేదుకి మొహం ముడుచుకుని, తల వెనక్కి తీసి ఆమె మొహంలోకి చూశాడు. ఏడవలేదు మొదట. ఇదేంటి అన్నట్టు చూశాడు, ఏదో పొరపాటు జరిగినట్టు మళ్ళీ నోరు పెట్టాడు. అప్పుడు ఏడ్చాడు. గేదెపాలు నీళ్ళు కలిపి కాచి లూర్దమ్మ ఉగ్గుగిన్నెతో పోస్తే కక్కాడు. రెండ్రోజులు వాడి ఏడుపుకి వీధి వీధంతా మేలుకుంది. నందిగామ స్కూల్లో టీచరు కృపారావు, ఆమె భర్త, పొద్దున బస్సుకి పోయి రాత్రి బస్సుకి వచ్చే మనిషి, పిల్లాణ్ణి భుజాన వేసుకుని గుమ్మంలో తిరుగుతూ ఒక్కటే అన్నాడు, నీ ఇష్టం జయా అని. నువ్వు పో అనొచ్చు, పోవద్దు అనొచ్చు. నీ ఇష్టం. ఆ తరవాత లూర్దమ్మ నువ్వు ఎదురుగా ఉంటే వాడు మానడు, ముందు గదిలో పడుకో, నేను చూసుకుంటా అంది, పిల్లాణ్ణెత్తుకుని వీధిలోకి పోయేది. మూడో నాటికి ఏడుపు ఆగిపోయింది. మానేశాడు, గేదెపాలకి అలవాటు పడ్డాడు అంది లూర్దమ్మ. అమ్మయ్య అనుకుంది జయమణి. అనుకుని, ఇంత త్వరగానా, నేను లేకపోయినా వాడికి ఒకటేనా అని చాటుకి పోయి ఏడ్చింది. మానకపోతే ఏడుపు, మానితే ఏడుపు, ఇదేం మనిషో.

పక్కనున్న ఆ పిల్ల తల్లి పైట కప్పి పిల్లకి పాలిచ్చింది. ఏడుపు ఠక్కున ఆగింది. బస్సు కుదుపులకి గుటకలు కూడా వినిపిస్తున్నాయి. కాసేపటికి పిల్ల తల్లి పిల్ల కింద గుడ్డ మార్చి, తడిపినదాన్ని మడిచి కాళ్ళ దగ్గర పెట్టింది, పసుపుపచ్చటి మరక, ఆ పుల్లటి కమ్మటి వాసన. తల్లిపాలు తాగే బిడ్డ వాసన. జయమణికి ముక్కు చాలు, గుడ్డ విప్పి చూడక్కర్లేదు, ఎన్ని వందలు చూసిందో, గేదెపాల బిడ్డ గుడ్డ గట్టిగా, తెల్లగా, వేరే కంపు, రంగు చూసే ఆ తల్లి ఏం పడుతోందో చెప్పేసేది, అలా చూసే కదా పున్నమ్మని పట్టుకుంది. నిన్న సాయంత్రం దణ్ణెం మీద లూర్దమ్మ ఆరేసిన గుడ్డలు. ఉతికినా పోని పసుపు. నిన్నా ఉంది, మొన్నా ఉంది. మొన్న తన చేత్తోనే మార్చింది, మార్చి, చెయ్యి కడుక్కుని, ఏమీ అనుకోకుండా వంటింట్లోకి పోయింది. అనుకోకుండా పోవడం కూడా ఒక విద్యే. బీరువా తాళాలు చేతిలో ఉండీ బసవయ్య కూతురి ముందు నిలబడ్డట్టు, తెలిసీ తెలియకుండా నిలబడడం బాగా అలవాటైపోయింది. ఎవరిస్తున్నారు? ఆ వీధిలో పాలున్న ఆడది ఎవరుంది? ఎవరుందని అడగడం ఎందుకు. వీధి చివరి ఇల్లు. పది నెలల పిల్ల, ఇంకా మాన్పించలేదండీ అని నిజం చెప్పి సీటు పోగొట్టుకున్న మనిషి. ఆ నిజమే ఇప్పుడు తన కొడుకు నోట్లో ఉంది.

అంబారుపేట పోయింది, నల్లరేగడి చేలల్లో అరకలు కట్టి ఉన్నాయి, వాన మళ్ళీ పట్టేట్టుంది, పెద్దావిడ నిద్ర లేచిన ముందు సీటు మనిషికి గట్టు సంగతి మళ్ళీ మొదటి నుంచీ చెబుతోంది. లూర్దమ్మ పిల్లాణ్ణెత్తుకుని వీధిలోకి పోవడం, అరగంటకి వాడు మత్తుగా రావడం, నైట్ డ్యూటీలు దిగొచ్చి అక్క నిద్రపోవాల్సిన వేళల్లో. పొద్దున పెట్టె మోసిన చెయ్యి. ఎందుకు చెప్పలేదు, చెబితే నేను పోనని, ఇక్కడే వాణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుంటానని. అంటే నేను పోవాలని. నేను పోవాలని ఆమె ఎందుకు అనుకోవాలి. బస్సు నందిగామ స్టాండులోకి తిరిగింది. పెద్దావిడ దిగుతూ, పూలు వాడిపోకుండా నీళ్ళు చల్లుకో అమ్మాయ్ అని చెప్పి మరీ పోయింది.

స్టాండులో చినుకుల కింద కృపారావు గొడుగు పట్టుకుని ఉన్నాడు. పొద్దున్నే వచ్చి స్కూల్లో సెలవు చీటీ ఇచ్చి బెజవాడ దాకా వస్తానన్నాడు, సాయంత్రం మద్రాసు బండి ఎక్కించి తిరిగొస్తాడు. ఎక్కి పక్కన కూర్చుని, తడిసిన పైట చూసి, తన కండువా తీసి ఆమె భుజం మీదుగా కప్పాడు. ఏదీ అనడు. జయమణి ఆయన వైపు తిరగకుండానే అడిగింది.

"బాబుకి పాలు దేవమణక్క ఇస్తోంది కదండీ."

కృపారావు గొడుగు మడిచాడు. నీకు చెప్పొద్దంది అన్నాడు. తెలిస్తే నువ్వు కదలవంది. గేదెపాలకి నెమ్మదిగా అలవాటు చేద్దాం, అప్పటిదాకా నా దగ్గర తాగుతాడు, నాకు బరువేం కాదంది. అమ్మ వెళ్ళి అడగలేదు జయా, ఏడుపు విని ఆమే వచ్చింది.

ఆగే పది నిమిషాలకి జనం టీలకి దిగారు. ఎదురుగా పేట వెళ్ళే బస్సు నిలబడి ఉంది, కండక్టరు పేట పేట అని అరుస్తున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పుడూ చెప్పలేదు, ఈ మనిషికైనా చెప్పాలి.

"నన్ను కూడా అడిగారండీ" అంది. "పాలు మాన్పించావా అని నన్నూ అడిగారు. మాన్పించానని చెప్పా. అక్కతో మాత్రం అడగలేదన్నా."

ఏమంటాడో అని చూసింది. కృపారావు గొడుగు మీది నీళ్ళు దులుపుతూ తెలుసు అన్నాడు. ఎలా తెలుసు, ఎవరు చెప్పారు, ఆమె అడగకముందే నెమ్మదిగా చెప్పాడు, క్లాసులో వెనక బెంచీ పిల్లవాడికి చెప్పినట్టు.

"దేవమణికి ఆ రోజే తెలుసంట. నన్నడిగినవాళ్ళు జయనెందుకు వదిలేస్తారండీ అంది నాతో, మొన్న ఆదివారం చర్చిలో. సీటుకి బాధ లేదంది. తనే చెప్తుందేమోనని రోజూ చూస్తన్నా అంది. బస్టాండులోనన్నా చెప్తుందేమో చూస్తా అంది."

పెట్టె ఇవ్వకుండా పట్టుకు నిలబడిన చెయ్యి. మొహంలోకి చూస్తూ. బస్సుకి టైమైంది అక్కా. అక్కడ ఎంతసేపు నిలబడింది ఆమె, నైట్ డ్యూటీ కాళ్ళతో, ఒక్క మాట కోసం. అయిదు మాటలు కూడా అక్కర్లేదు, నన్నూ అడిగారక్కా, అంతే కదా. ఆ మాట తీసుకుని ఇంటికి పోయి వాణ్ణి ఒళ్ళో వేసుకుని పాలిచ్చేది. ఇప్పుడు ఆ మాట లేకుండా కూడా ఇస్తూనే ఉంటుంది, ఈ వేళప్పటికి లేచి ఉంటాడు, అమ్మ కోసం చూసి ఉంటాడు, లూర్దమ్మ వీధిలోకి తీసుకెళ్ళి ఉంటుంది.

"దిగి వెళ్ళి చెప్పొస్తావా?" అన్నాడు కృపారావు. "అదుగో పేట బస్సు. చెప్పి తిరిగొచ్చినా బండి అందుతుంది."

టైము లేదని అనడానికి లేదు. ఆయన ఆ దారి కూడా మూసేశాడు, పాపం మంచికే. జయమణి ఎదురు బస్సు వైపు చూసింది. గంటలో అక్క గుమ్మంలో ఉండొచ్చు. కాళ్ళ మీద పడొచ్చు. అక్క లేవదీస్తుంది, కోప్పడితే కోప్పడుతుంది. కానీ అక్క ఒకవేళ, అయితే నువ్వు పోవద్దు, నేను రాస్తా వాళ్ళకి, నిజం చెబుతా అంటే? అనదు, అనే మనిషి కాదు, అంటే? ఆమెకి ఆ హక్కుంది. అన్నాక కాదనడానికి జయమణికి నోరుండదు, పెట్టె ఇంట్లో దించేసి మళ్ళీ ఆ ఆస్పత్రిలో, ఆ బీరువా ముందు, డాక్టరు గారి ఫోను కోసం. పిల్లాణ్ణి చూసినా అంతే, ఒళ్ళోకొచ్చాడంటే ఇక లేవలేదు. బాధ బాధే, సిగ్గు సిగ్గే, అయినా ఆమెకి ఆ చదువు కావాలి. అది ఇంత గట్టిగా కావాలని ఉందని ఇప్పుడే తెలిసింది, తెలిసి ఆమెకి తన మీద అసహ్యం వేసింది.

పేట బస్సు ముందు కదిలి వెళ్ళిపోయింది. కండక్టరు ఎక్కి తలలు లెక్కపెట్టుకుని రైట్ అన్నాడు. కృపారావు కండువా కొసతో ఆమె చెయ్యి తుడిచి, కిటికీ షట్టరు దించాడు. కీసర దగ్గర మునేరు వంతెన వచ్చేదాకా ఆయన దిగుతావా అని మళ్ళీ అడగలేదు. ఆ తరవాత కూడా అడగలేదు.